దిగులు వ్యాధియైనప్పుడు

శ్రీకాకుళము పట్టణము ప్రక్కనే ఉన్న అరసవల్లిలో సూర్యనారాయణస్వామి ఆలయము కలదు. రథసప్తమినాడును, మాఘమాసపు ఆదివారములందును ఆ ఊరి దారులు జనముతో నిండిపోవును. కంటిజబ్బువారు, చర్మవ్యాధులవారు, తీరని తలనొప్పితో బాధపడువారు ఇంద్రపుష్కరిణిలో స్నానమాడి స్వామికి మ్రొక్కుకొందురు. ఆరోగ్యమును భాస్కరుని వలన కోరవలెనని మన పెద్దల మాట. ఏటేట మార్చి, అక్టోబరు నెలలలో కొద్ది దినములు ఉదయకిరణములు ద్వారములు దాటి గర్భగుడిలోని మూర్తి పాదములను తాకును. ఆ క్షణము కొరకు భక్తులు తెల్లవారుజాము నుండి వేచియుందురు. ఈ ఊరి పూర్వనామము హర్షవల్లి యనియు, అనగా సంతోషమునకు నెలవైన చోటనియు చెప్పుకొనుట కలదు.

ఆ వరుసలో నిలిచినవారిని ఏమి కోరి వచ్చితిరని అడిగినచో, కన్ను మసకబారినదని ఒకరు, కీళ్లు పట్టివేసినవని మరొకరు చెప్పవచ్చును. "నాకు దేనిమీదను మనసు పోవుటలేదు, బ్రతుకు రుచించుటలేదు, అందుకై వచ్చితిని" అని నోరువిప్పి చెప్పువారు మిక్కిలి అరుదు. అట్టివారు లేక కాదు. చెప్పుటకు మాట దొరకకనో, చెప్పినచో నవ్వుదురను సంకోచము చేతనో వారును తలనొప్పి యనియే చెప్పి ఊరకుందురు. నేటి నా ప్రసంగము వారిని గూర్చినది. వారిని ఇంటివారు గుర్తుపట్టుట ఎట్లనునదే ఇందలి విషయము.

తెలుగులో మనోవేదనను తెలుపు మాటలకు కొదువలేదు. దిగులు, బెంగ, చింత, వ్యథ, విచారము, విషాదము - ఒక్కొక్కదానిది ఒక్కొక్క ఛాయ. అత్తవారింటికి వచ్చిన క్రొత్తకోడలు పుట్టింటిపై బెంగపెట్టుకొనును. పరీక్ష దగ్గరపడినప్పుడు పిల్లవానికి దిగులు పుట్టును. ఇంటి పెద్దదిక్కు పోయినప్పుడు ఇల్లెల్ల విలపించును. ఇవి వ్యాధులు కావు, మనిషి మనిషియై యుండుటకు గుర్తులు. ఈ దుఃఖములు అలలవలె వచ్చి పోవుచుండును. అల విరిగిన తరువాత మనిషి నలుగురితో మాటలాడును, పోయినవారి ముచ్చట చెప్పుకొని నవ్వనుగూడ నవ్వును.

మన జిల్లాకు తెలిసిన ఒక దుఃఖమునే తీసికొందము. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినది. ఉద్దానమునందలి కొబ్బరితోటలు, జీడితోటలు కూకటివ్రేళ్లతో కూలినవి. మొక్కనాటి నుండి బిడ్డవలె పెంచిన చెట్టు నేల వ్రాలగా రైతు ఆ మోదు ప్రక్కన కూర్చుండి ఏడ్చినచో దానికి మందు అక్కరలేదు, తోడు కావలెను. కాని నెలలు గడచినవి అనుకొనుడు. ఇరుగుపొరుగువారు మరల మొక్కలు నాటుచున్నారు. అతడు మాత్రము మంచము దిగుట లేదు. సాయము వచ్చినదన్నను అతని ముఖము మారుటలేదు, మనుమడు ఒడిలో కూర్చున్నను చేయి కదలుట లేదు. రాత్రి రెండు గంటలకే లేచి చీకటిలోనికి చూచుచున్నాడు. "ఇది నా పాపమే" అని తనలో తాను అనుకొనుచున్నాడు. అప్పుడది దుఃఖము మాత్రమే కాదు, దుఃఖము వ్యాధిగా మారినది. దీనినే నేటి వైద్యులు డిప్రెషన్ అనుచున్నారు, మనము క్రుంగుబాటు అనుకొనవచ్చును.

ఇంత పెద్ద విపత్తు లేకుండగనే, పైకి ఏ కారణమును కానరాకుండగనే ఈ వ్యాధి రావచ్చును. అన్నియు అమరిన ఇంటిలోని మనిషికి ఇది వచ్చినప్పుడు, "వీరికేమి తక్కువ?" అని లోకము ప్రశ్నించును. ఆ ప్రశ్నయే రోగి నోరు నొక్కివేయును.

ఇక గుర్తులు వినుడు. వైద్యశాస్త్రము తొమ్మిది లక్షణములను లెక్కించుచున్నది. వీనిలో మొదటి రెండును ముఖ్యమైనవి. ఒకటి, మనసు దినములో ఎక్కువభాగము క్రుంగియుండుట, అకారణముగా ఏడుపు వచ్చుట, లేక ఏడ్వను గూడ లేనంత శూన్యముగా నుండుట. రెండు, మునుపు ఇష్టమైనవాని యందు ఆసక్తి నశించుట. మూడు, నిద్ర చెడుట. తెల్లవారుజామునకు ముందే మెలకువ వచ్చి మరల నిద్రపట్టకపోవుట ఎక్కువ. కొందరు దీనికి విరుద్ధముగా పగలెల్ల నిద్రింతురు. నాలుగు, ఆకలి చచ్చుట, శరీరము చిక్కుట, కొందరియందు అతిగా తినుట. ఐదు, ఏ పనియు చేయకయే అలసట. ఆరు, మాటలును నడకయు మందగించుట, లేదా ఒకచోట నిలువలేని ఆరాటము. ఏడు, మనసు నిలువకపోవుట, చిన్న విషయమునందును నిర్ణయము చేయలేకపోవుట. ఎనిమిది, తాను పనికిమాలినవాడననియు, అందరికి భారమైతిననియు, తప్పు లేనిచోట గూడ తప్పు తనదేననియు తలంచుట. తొమ్మిది, చావును గూర్చిన తలంపులు.

వీనిలో ఏదో ఒకటి ఒకనాడు మనకందరకును ఉండును. దానిని చూచి భయపడనక్కరలేదు. కొలత యేమనగా - మొదటి రెండింటిలో ఒకటైనను ఉండి, మొత్తము ఐదు లక్షణములకు తక్కువ కాకుండ, దాదాపు ప్రతిదినమును, రెండు వారములపాటు ఎడతెగక నిలిచి, ఇంటిపనికో జీవనోపాధికో అడ్డువచ్చుచున్నచో వైద్యునకు చూపవలసినదే. చావును గూర్చిన తలంపు ఉన్నచో రెండు వారములు గాదు, రెండు గంటలైనను ఆగరాదు.

పుస్తకములోని లక్షణము ఇంటిలో ఎట్లు కనిపించును? ఒక ఇల్లాలిని ఊహింపుడు. ప్రతిదినము కోడికూతకు లేచి వాకిట నీళ్లు చల్లి ముగ్గుపెట్టు మనిషి. పండుగ నెలలో ఆమె ముగ్గు వీధి కడ్డముగా పరచుకొనెడిది. కొన్నాళ్లనుండి ముగ్గు చిన్నదగుచున్నది. నాలుగు చుక్కలకు దిగినది. తరువాత అదియు లేదు. కూరలో ఒకనాడు ఉప్పు రెండుమార్లు పడినది, ఒకనాడు పడనే లేదు. తలదువ్వుకొనుట వాయిదా పడుచున్నది. పేరంటమునకు పిలిచినచో "మీరు వెళ్లిరండి" అనుచున్నది. ఇంటిలోనివారు వీనిని ఒక్కొక్కటిగా చూచుచున్నారు గాని ఒకచోట చేర్చి చూచుటలేదు. "ఈమధ్య బద్ధకము పెరిగినది" అని మగడు అనుకొనుచున్నాడు. "వయసు మీదపడినది" అని అత్తగారు అనుకొనుచున్నది.

ఏమైనదని అడిగినచో మన ప్రాంతపు ఆడుది ఏమని చెప్పును? "ఒంట్లో బాగునేదు" అనును. ఆ మాట అబద్ధము కాదు. తల బరువు, గుండెదడ, నడుమునొప్పి, కాళ్ల పీకుడు, కడుపులో మంట - ఇవన్నియు ఆమెకు నిజముగానే ఉన్నవి. క్రుంగుబాటు మన దేశమున తరచుగా శరీరము ద్వారముననే ఇంటిలోనికి వచ్చును. అంతట ఒక బలము సూది, ఒక బలము సీసా, ఒక స్కానింగు, మరల వేరొక వైద్యుడు. డబ్బు అయిపోవును, నొప్పి పోదు. "అన్ని పరీక్షలును చేయించితిమి, ఏమియు లేదన్నారు" అని ఇంటివారు విసుగుకొందురు. పరీక్షలలో ఏమియు లేదన్న మాటకు, మనిషికి ఏమియు లేదని అర్థము కాదు. ఆ ఘట్టమున "నిద్ర ఎట్లున్నది? మునుపు ఇష్టమైనవి ఇప్పుడును ఇష్టముగా ఉన్నవా?" అని రెండు ప్రశ్నలు వేసినచో సగము సంగతి తేలును.

వ్యాధి ఒక్కటియే యైనను వేషములు వేరు. పురుషులయందు ఏడుపునకు బదులు కోపము కనిపించును. చీటికిమాటికి విరుచుకుపడుట, క్రొత్తగా త్రాగుడు మరగుట, పని మానివేయుట దాని రూపములు కావచ్చును. చదువుకొను పిల్లలయందు చిరాకు, మార్కులు తగ్గుట, స్నేహితులను తప్పించుకొని తిరుగుట కనిపించును. వృద్ధులయందు మతిమరుపువలె కనిపించి, "ముసలితనములో ఇంతే" అను మాటక్రింద మరుగునపడును. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధివలన ఎన్నియో కుటుంబములు ఏండ్ల తరబడి బాధపడుచున్నవి. డయాలిసిస్ కొరకు వారమునకు రెండుమూడు మార్లు ఆసుపత్రికి తిరుగువాడు మౌనమైనచో, ఆ మౌనమును రోగములో భాగమనుకొని విడిచిపెట్టుదుము. దీర్ఘరోగుల యందు క్రుంగుబాటు అధికముగా కలుగుననియు, దానికి వేరుగా చికిత్స కలదనియు తెలిసికొనవలెను.

బాలింతరాండ్రను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. కాన్పైన మొదటి వారము పది దినములలో కన్నీరు రావడము, మనసు చలించుట సాధారణము, అది తనంతట తగ్గును. రెండు వారములు దాటియు తగ్గక, బిడ్డను ఎత్తుకొనవలెనని తోచక, "నేను తల్లిగా పనికిరాను" అని తల్లి అనుకొనుచున్నచో, అది గాలియు కాదు, దృష్టియు కాదు. చికిత్సకు లొంగు వ్యాధి. తల్లికి లేనిపోని మాటలు వినిపించుట, బిడ్డను గూర్చి వింత భయములు పుట్టుట జరిగినచో ఆ దినముననే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి ఎందరో పనికై హైదరాబాదునకు, చెన్నైకి, దూరపు రేవులకు పోవుచుందురు. వారిని గుర్తుపట్టుటకు మనకు మిగిలినది ఫోనులోని గొంతు ఒక్కటియే. పూర్వము అరగంట మాటలాడువాడు "బాగున్నాను, ఉంటాను" అని రెండు ముక్కలతో ముగించుచున్నాడా? పండుగకు వచ్చుటకు వంకలు చెప్పుచున్నాడా? డబ్బు పంపుచున్నాడు గదా యని ఊరకుండక, తోడివారి నొకరిని అడిగి చూడుడు. ఊరిలో ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రుల విషయమునను ఈ ప్రశ్నయే వర్తించును.

ఇది ఎందువలన వచ్చును? కారణము ఒక్కటి కాదు. మెదడు పనితీరులోని మార్పులు, వంశములోని పోలిక, బాల్యమునందలి గాయములు, అప్పులు, హింస, ఒంటరితనము - ఇవి ఒకదానితో నొకటి కలియును. థైరాయిడ్ గ్రంథి మందగించినను, రక్తము తక్కువైనను ఇట్టి లక్షణములే కనిపింపవచ్చును గనుక వైద్యుడు రక్తపరీక్ష వ్రాయుట సహజము. పాపఫలము కాదు, గ్రహచారము కాదు, సోమరితనము అసలే కాదు. చరకసంహిత రోగమును పెంచువానిలో విషాదము మొదటిదని చెప్పినది. మనసునకును శరీరమునకును గల సంబంధము మన పూర్వులకు క్రొత్త గాదు.

ఈ బాధ అరుదైనదియు కాదు. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున సుమారు ఇరువదిమంది పెద్దలలో ఒకరికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు క్రుంగుబాటు కలుగుచున్నది. వారిలో అత్యధికులకు చికిత్స అందుటలేదని ఆ సర్వేయే తెలిపినది. మందు లేక కాదు, గుర్తుపట్టువారు లేక.

మందు కలదు. 1957లో స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్ ఇమిప్రమీన్ అను ఔషధము క్రుంగినవారిని కోలుకొనునట్లు చేయుచున్నదని ప్రకటించెను. నాటినుండి అంతకంటె సులువుగా శరీరమునకు సరిపడు మందులెన్నియో వచ్చినవి. 1960 దశకమున అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ మాటలద్వారా ఆలోచనాసరళిని సరిదిద్దు చికిత్సను రూపొందించెను. వ్యాధి స్వల్పముగా ఉన్నప్పుడు ఈ మాటల చికిత్సయే చాలవచ్చును. తీవ్రమైనప్పుడు మందు తప్పదు.

మందు విషయమున మూడు సంగతులు గుర్తుంచుకొనుడు. మొదటిది, గుణము కనిపించుటకు రెండు నుండి నాలుగు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ పట్టును. నాలుగు దినములు మ్రింగి పనిచేయలేదని పారవేయరాదు. రెండవది, కోలుకొనిన తరువాత గూడ కనీసము ఆరు నెలలు వాడవలసియుండును. మానవలసినప్పుడు వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించవలెను. మూడవది, రోగి మునుపెన్నడైన నిద్ర అక్కరలేనంత ఉత్సాహముతో, అతిగా ఖర్చుచేయుచు, ఆగక మాటలాడుచు ఉన్న రోజులుండినచో ఆ సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను. అప్పుడు చికిత్స వేరగును. చికిత్స మొదలిడిన తొలి వారములలో, అందులోను యువకుల విషయమున, ఇంటివారు కనిపెట్టియుండవలెను.

ఇంటివారు ఏమి మాటలాడవలెను? "ధైర్యము తెచ్చుకో" అనుట మన అందరికిని అలవాటు. ధైర్యము తెచ్చుకొను శక్తియే ఈ వ్యాధిలో దెబ్బతినునది. కాలు విరిగినవానిని లేచి నడువుమన్నట్లే ఈ ఉపదేశమును. "నీకంటె కష్టములు పడువారు లేరా?" అనుట అంతకంటె కఠినము. ఉన్న అపరాధభావమునకు ఇంకొకటి జతపడును.

చూచినదానిని చూచినట్లు చెప్పి, అడిగి, విని ఊరకుండుట మేలు. ఒక మరదలు తన వదినగారి ప్రక్కన కూర్చుండి, "ఏటి వదినా, నెల్లాళ్ల కాడ్నుంచి మునపట్లా నేవు. మనసులో ఏటున్నాదో సెప్పు, ఇంటాను" అన్నచో అంతకు మించిన ఆరంభము లేదు. మొదటిమారు జవాబు రాకపోవచ్చును. మరునాడు మరల కూర్చుండవలెను. చేతిలోని పని తీసికొని తాను చేయవలెను. ఆసుపత్రికి "వెళ్లుము" అనక "వెళ్లుదము" అనవలెను.

చావు తలంపును గూర్చి అడుగుటకు చాలమంది జంకుదురు. అడిగినచో లేని ఆలోచన పుట్టించినట్లగునని భయము. అది నిజము కాదు. "బ్రతుకవలదని ఎప్పుడైన అనిపించుచున్నదా?" అని మెల్లగా, స్పష్టముగా అడుగుడు. అడిగినవారి యెదుట ఆ భారము దించుకొని ఊపిరి పీల్చుకొనువారే యెక్కువ. అవునన్నచో ఒంటరిగా విడువరాదు. ఇంటిలోని పురుగుమందులను, మాత్రలను వారికి అందని చోట తాళమువేసి ఉంచవలెను. వెంటనే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. ఉన్నట్లుండి వస్తువులు పంచిపెట్టుట, అందరిని క్షమాపణ అడుగుట, ఎంతో క్రుంగినవారు ఒక్కసారిగా నిర్వికారముగా నెమ్మదించుట గూడ జాగ్రత్తపడవలసిన గుర్తులే. పోలీసు కేసగునని దాచవలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవారిగా భావింపవలెననియు, వారికి సంరక్షణ కల్పింపవలెననియు చెప్పినది.

ఎచ్చటికి పోవలెను? ముందుగా మీకు పరిచయమున్న వైద్యునికే విషయము చెప్పవచ్చును. శ్రీకాకుళములో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి కలదు. విశాఖపట్నములో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. కదలలేనిచో 14416 సంఖ్యకు ఫోను చేయుడు. ఇది 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవ. ఖర్చు లేదు, రేయింబవళ్లు తెలుగులోనే మాటలాడవచ్చును. రోగియే మాటలాడవలెనను నియమము లేదు, ఇంటివారును సలహా అడుగవచ్చును.

తుదకు మరల అరసవల్లికి వత్తము. మ్రొక్కు మొక్కవలదని నేను చెప్పుటలేదు. ఉదయపు టెండలో నడక, నలుగురితో ప్రయాణము, ఒక నమ్మకము - ఇవి క్రుంగిన మనసునకు మేలుచేయునవే. మ్రొక్కునకును మందునకును వైరము లేదు. మ్రొక్కు తీరువరకు మందు ఆపుట మాత్రము అపాయము. కంటిజబ్బునకు స్వామిని వేడుకొనుచునే కంటివైద్యుని చూచుచున్నాము గదా, మనసు విషయమునను అట్లే చేయవలెను.

ఆ ఆలయమున ఏటికి రెండుమార్లు వెలుగు లోపలివరకు పోవుట మనము విశేషముగా చెప్పుకొందుము. ద్వారములు వరుసగా తెరచియుండుట వలననే అది సాధ్యమగుచున్నది. మన యింటిలో ఒక తలుపు మూసికొని కూర్చున్న మనిషి ఉండవచ్చును. ఈ ప్రసంగము ముగిసిన తరువాత ఒక్క నిమిషము ఆలోచింపుడు. ఈ రెండు వారములలో ఇంటిలో ఎవరి నవ్వు వినబడలేదు? ఎవరి ముగ్గు చిన్నదైనది? ఎవరి ఫోను పొట్టిదైనది? ఎవరైన జ్ఞప్తికి వచ్చినచో, రేపటివరకు ఆగక ఈ రాత్రియే వారి ప్రక్కన కూర్చుండి అడుగుడు.